గుడారంలో చదివి నోబెల్ అందుకున్న హెరాల్డ్ యూరే

ఇంటర్మీడియట్ కెమిస్ట్రీలో హైడ్రోజన్ పాఠం చదివిన ప్రతి ఒక్కరికీ హెరాల్డ్ యూరే పేరు తెలుసు. డ్యుటీరియంను యూరే కనుగొన్నారని ఒకే ఒక్క వాక్యం ఉంటుంది. పరీక్షలో బిట్‌గా వస్తుంది. మనమంతా దాన్ని బట్టీపట్టి ఖాళీ పూరించి వచ్చినవాళ్ళమే. ఆ పేరు వెనుక ఉన్న మనిషి గురించి, ఆయన చేసిన పని గురించి మన హాస్టల్ తమ్ముళ్ళకు నాలుగు మాటలు చెప్పాలని ఈ వ్యాసం రాస్తున్నాం. సైన్సు చదవని మిత్రులు భయపడి పేజీ తిప్పేయనక్కరలేదు. ఆయన జీవితమంతా ఒక చిన్న విషయం చుట్టూ తిరిగింది. ఒకే మూలకానికి చెందిన తేలిక పరమాణువుకూ బరువు పరమాణువుకూ మధ్య ఉండే తేడా చలిలో పెరుగుతుంది, వేడిలో తగ్గిపోతుంది. అంతే.

హెరాల్డ్ క్లేటన్ యూరే 1893 ఏప్రిల్ 29న అమెరికాలోని ఇండియానా రాష్ట్రంలో వాకర్టన్ అనే చిన్న ఊరిలో జన్మించారు. తండ్రి బడిపంతులు, చర్చిలో బోధకుడు కూడా. హెరాల్డ్‌కు ఆరేళ్ళ వయసులో, 1899లో, తండ్రి క్షయవ్యాధితో చనిపోయారు. తండ్రి లేని ఇల్లు ఎలా గడుస్తుందో మన హాస్టల్లో చాలామందికి ఒకరు చెప్పనక్కరలేదు. పల్లెటూరి బడిలో చదువు మొదలుపెట్టి 1911లో హైస్కూలు పూర్తి చేశారు. కాలేజీకి డబ్బులు లేవు. ఉపాధ్యాయ సర్టిఫికెట్ తెచ్చుకొని పల్లెబడిలో పంతులుగా చేరారు. మొదట ఇండియానాలో, తర్వాత తల్లి ఉంటున్న మోంటానాలో, మొత్తం మూడేళ్ళు పిల్లలకు పాఠాలు చెప్పారు.

1914లో, ఇరవై ఒక్క ఏళ్ళ వయసులో, మిస్సౌలాలోని మోంటానా విశ్వవిద్యాలయంలో డిగ్రీలో చేరారు. తోటివాళ్ళు అప్పటికి డిగ్రీ పూర్తి చేసే వయసు అది. గది అద్దెకు తీసుకునే స్తోమత లేక ఒక గుడారం వేసుకొని అందులోనే పడుకుంటూ, అందులోనే చదువుకున్నారు. మోంటానా చలి మన డిసెంబరు చలి లాంటిది కాదు, మంచు గడ్డకట్టే చలి. తిండి ఖర్చుల కోసం భోజనశాలలో బల్లల దగ్గర వడ్డన చేశారు. వేసవి సెలవుల్లో రైలు పట్టాలు వేసే కూలీలతో కలిసి పనిచేశారు. ఇలా ఉంటూనే నాలుగేళ్ళ డిగ్రీని మూడేళ్ళలో ముగించారు. ఇంకో విశేషం, ఆ డిగ్రీ కెమిస్ట్రీలో కాదు, జువాలజీలో! నత్తగుల్లల సంగతి ఈ కథలో చివర మళ్ళీ వస్తుంది కాబట్టి ఈ మాట గుర్తుంచుకోండి.

1917లో అమెరికా మొదటి ప్రపంచయుద్ధంలోకి దిగింది. యూరేను ఫిలడెల్ఫియాలోని ఒక రసాయనాల కంపెనీలో పేలుడు పదార్థాలకు సంబంధించిన పనికి పెట్టారు. జువాలజీ పట్టా చేతిలో ఉన్న యువకుడు కెమిస్ట్రీ వైపు తిరగడానికి ఆ ఉద్యోగమే కారణమైంది. యుద్ధం ముగిశాక మోంటానాకు తిరిగివెళ్ళి కెమిస్ట్రీ బోధకుడిగా పనిచేసి, 1921లో బర్క్‌లీలో పరిశోధక విద్యార్థిగా చేరారు. అప్పటికి ఆయన వయసు ఇరవై ఎనిమిది. ఎలక్ట్రాన్ చుక్కల బొమ్మలు మనకు నేర్పిన గిల్బర్ట్ లూయిస్ అక్కడ ఆయన గురువు. 1923లో డాక్టరేట్ రాగానే ఒక ఫెలోషిప్ మీద కోపెన్‌హాగన్ వెళ్ళి నీల్స్ బోర్ దగ్గర ఒక ఏడాది ఉన్నారు. పల్లెబడి పంతులు పదేళ్ళలో బోర్ పక్కన కూర్చున్నారు. తర్వాత కొంతకాలం జాన్స్ హాప్‌కిన్స్‌లో, 1929 నుండి న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయంలో పనిచేశారు.

ఇక్కడ కొంచెం సైన్సు చెప్పుకోవాలి. ఐసోటోపులంటే ఒకే మూలకానికి చెందిన, బరువులో మాత్రమే తేడా ఉన్న పరమాణువులు. మామూలు హైడ్రోజన్ కేంద్రకంలో ఒక ప్రోటాన్ మాత్రమే ఉంటుంది. దానికి తోడు ఒక న్యూట్రాన్ కూడా ఉంటే బరువు రెట్టింపవుతుంది, అదే డ్యుటీరియం. రసాయన గుణాలు ఐసోటోపులన్నింటికీ అచ్చంగా ఒకటేనని చాలాకాలం అనుకున్నారు. నిజానికి చిన్న తేడా ఉంది.

దాన్ని అర్థం చేసుకోవడానికి ఒక దిగుడుబావిని ఊహించుకోండి. రెండు పరమాణువుల మధ్య బంధం ఆ బావి లాంటిది. బంధం తెగడమంటే బావిలోంచి మెట్లెక్కి పైకి రావడం. బావి ఇద్దరికీ ఒకటే, లోతూ ఒకటే. కానీ పరమాణువు ఎంత చలిలో ఉన్నా పూర్తిగా కదలకుండా ఉండలేదు, కొంత కంపిస్తూనే ఉంటుంది. దీన్నే శూన్యబిందు శక్తి అంటారు. తేలిక పరమాణువు ఎక్కువగా కంపిస్తుంది కాబట్టి బావిలో ఒక మెట్టు పైన ఉంటుంది. బరువు పరమాణువు తక్కువగా కంపిస్తుంది కాబట్టి ఒక మెట్టు కింద ఉంటుంది. పైకి రావాలంటే బరువు పరమాణువు ఆ ఒక్క మెట్టు అదనంగా ఎక్కాలి. ఒంట్లో సత్తువ తక్కువగా ఉన్నప్పుడు ఆ ఒక్క మెట్టే కొండంత అవుతుంది. సత్తువ దండిగా ఉంటే ఒక మెట్టు ఎక్కువైనా తక్కువైనా పట్టింపు ఉండదు. ఇక్కడ సత్తువ అంటే ఉష్ణోగ్రత.

మేము ఎమ్మెస్సీలో రసాయన గతిశాస్త్రం చదివేటప్పుడు ఈ లెక్క వేసి చూశాం. కార్బన్‌కూ హైడ్రోజన్‌కూ మధ్య బంధం తెగే చర్యను తీసుకొని, శూన్యబిందు శక్తిలో తేడా ఒక్కదాన్నే లెక్కలోకి తీసుకుంటే, 25 డిగ్రీల దగ్గర మామూలు హైడ్రోజన్ డ్యుటీరియం కంటే దాదాపు 7 రెట్లు వేగంగా విడిపోతుంది. 100 డిగ్రీల దగ్గర ఆ 7 కాస్తా 4.7కు దిగుతుంది. 227 డిగ్రీలకు పోతే 3కు కాస్త పైన ఆగుతుంది. ఇంకా వేడి చేస్తూపోతే 1కి చేరువవుతుంది, అంటే తేడా మాయమవుతుంది. మామూలు లాగరిథమ్ పుస్తకం పక్కన పెట్టుకొని ఎవరైనా వేయగల లెక్క ఇది. కానీ మొదట ఆ డ్యుటీరియం అనేది ఒకటి ఉందని తేలాలి కదా.

1931లో బర్జ్, మెంజెల్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు హైడ్రోజన్ పరమాణు భారం లెక్కల్లో సరిపోని ఒక చిన్న తేడాను చూపించి, ప్రతి 4,500 హైడ్రోజన్ పరమాణువుల్లో ఒకటి రెట్టింపు బరువున్నది అయివుండాలని అంచనా వేశారు. అది చదివిన యూరే వెంటనే రంగంలోకి దిగారు. వెలుగును విడదీసి చూసే వర్ణపటంలో భార హైడ్రోజన్ గీత ఎక్కడ కనిపించాలో ముందే లెక్కకట్టారు. సహచరుడు జార్జ్ మర్ఫీతో కలిసి మామూలు హైడ్రోజన్‌ను ఫోటో తీస్తే అక్కడే మసక గీత కనిపించింది. ఇంకొకరైతే అప్పుడే పేపరు రాసేవారు. యూరే రాయలేదు. అది పరికరం సృష్టించిన దొంగగీత కూడా కావచ్చన్నది ఆయన అనుమానం. భార హైడ్రోజన్ పాలు పెంచినప్పుడు గీత కూడా ముదరాలి, అప్పుడే నమ్మాలి.

పాలు పెంచడమెలా? హైడ్రోజన్‌ను ద్రవంగా మార్చి మెల్లగా ఆవిరి చేస్తే తేలికది ముందు పోతుంది, బరువుది అడుగున మిగులుతుంది. ద్రవ హైడ్రోజన్ తయారుచేయగల చోట్లు అప్పట్లో అమెరికాలో వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. వాషింగ్టన్‌లోని ప్రమాణాల సంస్థలో పనిచేసే ఫెర్డినాండ్ బ్రిక్‌వెడ్ ఆ పని తలకెత్తుకున్నారు. లీటర్ల కొద్దీ ద్రవ హైడ్రోజన్‌ను ఆవిరి చేసి, చివరికి మిగిలిన ఒకటి రెండు మిల్లీలీటర్ల నుండి వచ్చిన వాయువును న్యూయార్క్‌కు పంపారు. మొదటిసారి 20 కెల్విన్ దగ్గర, అంటే మైనస్ 253 డిగ్రీల దగ్గర, మామూలు వాతావరణ పీడనంలో ఆవిరి చేశారు. యూరే చూస్తే గీత ముదరలేదు.

ఇక్కడే యూరే పనితనం కనిపిస్తుంది. ఇంకా చల్లగా, హైడ్రోజన్ గడ్డకట్టే అంచున, 14 కెల్విన్ దగ్గర, పీడనం తగ్గించి ఆవిరి చేయమని కోరారు. 20కీ 14కీ తేడా ఆరు డిగ్రీలే. కానీ మన దిగుడుబావి లెక్కలో ఆ ఆరు డిగ్రీలు చాలా పెద్దవి. చలి పెరిగితే ఆవిరి కావడంలో తేలికదానికీ బరువుదానికీ మధ్య దూరం పెరుగుతుంది. రెండో విడత వాయువులో గీత స్పష్టంగా ముదిరింది. అది 1931 నవంబరులో, థ్యాంక్స్‌గివింగ్ పండుగ రోజు. ఇంట్లో పండుగ భోజనానికి యూరే ఆలస్యంగా వెళ్ళారు. ఆలస్యానికి కారణం విన్నాక భార్య ఫ్రీడా కోప్పడి ఉంటారని మేము అనుకోవడం లేదు.

ఈ కథలో రెండు తమాషాలు ఉన్నాయి. మొదటి విడత విఫలం కావడానికి ఉష్ణోగ్రత ఒక్కటే కారణం కాదని తర్వాత తెలిసింది. హైడ్రోజన్ తయారుచేసిన విద్యుద్విశ్లేషణ తొట్టిని అప్పుడే శుభ్రంగా కడిగి కొత్తగా నింపడంతో, మొదట వెలువడిన వాయువులో డ్యుటీరియం మామూలు కంటే తక్కువగా ఉంది. రెండోది ఇంకా విచిత్రం. బర్జ్, మెంజెల్ అంచనాకు ఆధారమైన పాత కొలతలోనే పొరపాటు ఉందని కొన్నేళ్ళకు తేలింది. ఆ కొలత మొదటే సరిగ్గా ఉండివుంటే భార హైడ్రోజన్ కోసం వెతకడానికి కారణమే కనిపించేది కాదు. ప్రకృతిలో అసలు పాలు సుమారు 6,400లో ఒకటి.

మూడేళ్ళు తిరగకుండానే 1934 కెమిస్ట్రీ నోబెల్ బహుమతి యూరే ఒక్కరికే ప్రకటించారు. డిసెంబరులో జరిగిన ఉత్సవానికి ఆయన వెళ్ళలేదు. ఇంట్లో భార్యకు కాన్పు సమయం. కూతురు పుట్టాక 1935 ఫిబ్రవరిలో స్టాక్‌హోమ్ వెళ్ళి ఉపన్యాసం ఇచ్చారు. బహుమతి సొమ్ములో బ్రిక్‌వెడ్‌కూ మర్ఫీకీ వాటా పంచారు. అలా పంచమని ఏ నిబంధనా లేదు. తన పరిశోధనకు వచ్చిన ఒక గ్రాంటులో సగం తీసి కొలంబియాలోనే పనిచేస్తున్న ఇసిడోర్ రాబీకి ఇచ్చారు. ఆ రాబీకి 1944లో ఫిజిక్స్ నోబెల్ వచ్చింది. ల్యాబులో కలిసి పనిచేసి చివరికి పేరు దగ్గర పేచీలు పడే రోజుల్లో మేము ఈ సంగతిని డ్యుటీరియం కంటే తక్కువదిగా చూడలేకపోతున్నాం.

ఆ తర్వాత పదేళ్ళు ఆయన ఐసోటోపులను విడదీసే పద్ధతుల మీదే గడిపారు. భార ఐసోటోపు ఏ అణువులో లోతైన బావి దొరికితే అందులో చేరడానికి మొగ్గుతుంది. చలిలో ఆ మొగ్గు ఎక్కువ, వేడిలో తక్కువ. ఈ సూత్రం మీద నడిచే ఫ్యాక్టరీ మన దగ్గరే ఉంది. భద్రాద్రి కొత్తగూడెం జిల్లా అశ్వాపురం దగ్గర, గోదావరి పక్కన, 1991లో పని మొదలుపెట్టిన మణుగూరు భారజల కర్మాగారం అది. అక్కడ నీటినీ హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువునూ ఎదురెదురుగా పంపుతారు. సుమారు 30 డిగ్రీల చల్లని స్తంభంలో డ్యుటీరియం వాయువును వదిలి నీటిలోకి చేరుతుంది, అక్కడ సమతాస్థితి స్థిరాంకం దాదాపు 2.3. సుమారు 130 డిగ్రీల వేడి స్తంభంలో అది 1.8కి పడిపోతుంది, డ్యుటీరియం తిరిగి వాయువులోకి పోతుంది. 2.3కీ 1.8కీ తేడా అర మాత్రమే. ఆ అర మీదే అంత పెద్ద కర్మాగారం నిలబడి ఉంది. ఉష్ణోగ్రతతో ఈ స్థిరాంకం మారకపోతే అక్కడ స్తంభాలు కట్టి లాభమే లేదు. ఈ పద్ధతిని 1943లో ఇద్దరు వేరువేరుగా కనిపెట్టారు. వారిలో ఒకరైన జెరోమ్ స్పీవాక్ కొలంబియాలో యుద్ధకాలపు పరిశోధనలో ఉన్నవారే.

యుద్ధకాలం అన్నాం కాబట్టి అణుబాంబు మాట దాటవేయలేం. యురేనియం ఐసోటోపులను విడదీసే పరిశోధనకు కొలంబియాలో యూరే నాయకుడు. మారియా మేయర్ అక్కడ ఆయన దగ్గరే పనిచేశారు. భర్త ప్రొఫెసర్ కాబట్టి ఆమెకు ఎక్కడా సరైన ఉద్యోగం ఇవ్వని రోజులవి. ఆమెకు 1963లో నోబెల్ వచ్చింది. యూరేకు మాత్రం ఆ పనిలో మనశ్శాంతి కరువైంది, సైనికాధికారులతో సరిపడలేదు. 1945 మే నెలలో లియో సిలార్డ్‌తో కలిసి వెళ్ళి, త్వరలో విదేశాంగ మంత్రి కాబోతున్న జేమ్స్ బర్న్స్‌ను కలుసుకొని బాంబు ప్రయోగం వల్ల వచ్చే ప్రమాదాన్ని వివరించే ప్రయత్నం చేశారు. ఫలితం లేకపోయింది. ఆగస్టులో ఏం జరిగిందో అందరికీ తెలుసు. తర్వాత సంవత్సరాల్లో అణుశక్తి సైన్యం చేతిలో ఉండకూడదని ఊరూరా తిరిగి ప్రసంగించారు. కానీ విడదీయడానికి దారి చూపిన చేతుల్లో తన చేతులూ ఉన్నాయి, ఆ లెక్క చెరిగేది కాదు. మేము ఆయనను దేవుణ్ణి చేయదలచుకోలేదు.

యుద్ధం అయ్యాక చికాగో విశ్వవిద్యాలయంలో చేరి, యాభై ఏళ్ళు దాటిన వయసులో పని మొత్తం మార్చేశారు. 1946లో స్విట్జర్లాండ్‌లోని జ్యూరిక్‌లో ఐసోటోపుల మీద ఉపన్యాసం ఇచ్చినప్పుడు, సున్నపురాయి సముద్రపు నీటిలో ఏర్పడిందా మంచినీటిలో ఏర్పడిందా అన్నది ఆక్సిజన్ ఐసోటోపులను బట్టి చెప్పవచ్చు కదా అన్న ప్రస్తావన సభలో వచ్చింది. ఇంటికి వచ్చి లెక్కలు వేస్తే యూరేకు ఇంకా పెద్ద విషయం కనిపించింది. నత్తగుల్ల కాల్షియం కార్బొనేట్‌తో తయారవుతుంది. చుట్టూ ఉన్న నీటి కంటే గుల్లలో భార ఆక్సిజన్ కొంచెం ఎక్కువ చేరుతుంది. ఆయన లెక్క ప్రకారం 0 డిగ్రీల నీటిలో వెయ్యికి 26 పాళ్ళు ఎక్కువ, 25 డిగ్రీల నీటిలో 22 పాళ్ళు ఎక్కువ. అంటే గుల్లలో పాలు కొలిస్తే, అది పెరిగిన రోజుల్లో నీరు ఎంత వెచ్చగా ఉందో చెప్పవచ్చు. నత్త చనిపోయి కోట్ల ఏళ్ళు గడిచినా ఆ లెక్క గుల్లలో రాసిపెట్టే ఉంటుంది.

రాసుకోవడం తేలిక, కొలవడం కష్టం. ఒక డిగ్రీ మారితే వెయ్యిలో సుమారు 0.2 పాలే మారుతుంది. అంత సన్నటి తేడాను పట్టే పరికరం అప్పటికి లేదు. ద్రవ్యరాశి వర్ణపటమాపకాన్ని తిరిగి కట్టుకోవడానికే ఆయన బృందానికి ఏళ్ళు పట్టింది. శామ్యూల్ ఎప్‌స్టీన్, హైన్జ్ లోవెన్‌స్టామ్, జంతుశాస్త్రజ్ఞుడు రాల్ఫ్ బుక్స్‌బామ్ ఆ బృందంలో ఉన్నారు. ఉష్ణోగ్రత తెలిసిన నీటి తొట్లలో బతికున్న జీవులను పెంచి, వాటి గుల్లలకు గాటు పెట్టి, ఆ గాటును అవి పూడ్చుకున్నాక కొత్తగా పెరిగిన భాగాన్ని తీసి కొలిచి కొలబద్దను సరిచూసుకున్నారు. మోంటానా గుడారంలో చదివిన జువాలజీ ఇక్కడ అక్కరకు వచ్చింది.

1951లో వారు ప్రచురించిన ఫలితం ఇప్పుడు చదివినా ఒళ్ళు పులకరిస్తుంది. స్కాట్లాండ్‌కు చెందిన స్కై దీవిలో దొరికిన బెలెమ్‌నైట్ శిలాజం అది. కణవ జాతికి చెందిన, ఎప్పుడో అంతరించిపోయిన సముద్రజీవి, జురాసిక్ కాలం నాటిది. చెట్టు మొద్దులో వలయాలున్నట్టే దాని గట్టి భాగంలోనూ వలయాలు ఉంటాయి. మధ్య నుండి అంచు దాకా పొర పొరగా గీకి, ఒక్కో పొరనూ కొలిచారు. ఆ జీవి మూడు వేసవులు, నాలుగు చలికాలాలు చూసిందని తేలింది. చిన్నతనంలో వెచ్చని నీటిలో, వయసు ముదిరాక కొంచెం చల్లని నీటిలో బతికింది. సుమారు నాలుగేళ్ళ వయసులో, వసంతకాలంలో చనిపోయింది. చలికాలానికీ వేసవికీ నీటిలో తేడా సుమారు 6 డిగ్రీలు. మనిషి పుట్టని కాలంలో బతికిన ఒక ప్రాణి చలికాలాలను ఒక రసాయన లెక్క బయటపెట్టింది. అప్పటి సముద్రపు నీటిలో ఐసోటోపుల పాలు ఎంత అన్నది ఊహించుకోక తప్పదని, ఆ ఊహ తప్పితే డిగ్రీలూ తప్పుతాయని ఆ బృందానికి తెలుసు. మంచుయుగాల గుల్లల విషయంలో ఆ చిక్కు నిజంగానే ఎదురైంది. ఆ గుల్లల్లో కనిపించే మార్పులో ఎక్కువ భాగం ఉష్ణోగ్రతది కాదని, నేల మీద పేరుకున్న మంచు పరిమాణానిదని 1960లలో నికోలస్ షాకిల్టన్ చూపించారు.

మిగిలిన జీవితం తొందరగా చెప్పేయవచ్చు. 1953లో ఆయన విద్యార్థి స్టాన్లీ మిల్లర్ మీథేన్, అమ్మోనియా, హైడ్రోజన్, నీటి ఆవిరి కలిసిన గాజు పాత్రలో విద్యుత్ మెరుపులు పుట్టించి అమైనో ఆమ్లాలు తయారుచేశాడు. పుస్తకాల్లో దాన్ని మిల్లర్-యూరే ప్రయోగం అంటున్నాం. కానీ ఆ పేపరు మీద యూరే తన పేరు ఉంచలేదు. నోబెల్ వచ్చిన గురువు పేరు పక్కన ఉంటే ఇరవై మూడేళ్ళ శిష్యుడి పేరు ఎవరికీ కనిపించదని ఆయనకు తెలుసు. 1958లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం శాన్‌డియాగో శాఖకు మారి, చంద్రుడి పుట్టుక మీద పడ్డారు. చంద్రుడు మొదటి నుండి చల్లగానే ఉన్నాడని ఆయన గట్టిగా నమ్మారు. 1969లో అపోలో తెచ్చిన రాళ్ళు ఆ నమ్మకానికి ఎదురుతిరిగాయి. అప్పటికి ఆయనకు డెబ్బై ఆరేళ్ళు. రాళ్ళు చెప్పిన మాట విని అభిప్రాయం మార్చుకున్నారు.

1981 జనవరి 5న కాలిఫోర్నియాలోని లా హోయాలో, 87వ ఏట కన్నుమూశారు. ఇండియానాకు తీసుకువెళ్ళి అక్కడే సమాధి చేశారు.